పాక్షిక కేపో: గిటార్‌పై శ్రుతిని నిలుపుకోవడానికి, మామూలు కేపోను ఇంట్లోనే మలుచుకోవడానికి సమగ్ర మార్గదర్శి

కడపలో ఆదివారం ఆరాధనకు గిటార్ వాయించడం మొదలుపెట్టిన తొలిరోజుల్లోనే నాకొక ఇబ్బంది ఎదురైంది. మేము పాడే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో చాలావాటికి పాట పైభాగంలో రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి. అంటే అవి రాగాన్ని నమ్ముకుని నడిచే పాటలు. వాటికి గిటార్‌పై మామూలు మేజర్, మైనర్ కార్డ్‌లు (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) వేసుకుంటూ పోతే రెండు నష్టాలు జరుగుతాయి. ఒకటి, కార్డ్ మారిన ప్రతిసారీ కింద మోగుతున్న షడ్జమం (స) తెగిపోయి పాడేవారికి ఆధారం జారిపోతుంది. రెండు, రాగంలో లేని స్వరం ఏదో ఒక తీగ మీద నుంచి దొంగచాటుగా వచ్చి చేరుతుంది. తంబురా గానీ శ్రుతిపెట్టె గానీ లేని చోట గిటారే ఆ పని చేయాలంటే, వేళ్లు ఎక్కడ తిరుగుతున్నా కొన్ని తీగలు స, ప లను వదలకుండా మోగుతూ ఉండాలి. ఆ సౌకర్యాన్ని పాక్షిక కేపో ఇస్తుంది.

కేపో అంటే తీగలను నొక్కి ఉంచడానికి గిటార్ మెడకు బిగించే చిన్న సాధనం. మామూలు కేపో ఆరు తీగలనూ ఒకే మెట్టు (ఫ్రెట్) దగ్గర నొక్కి పట్టి మొత్తం వాద్యం శ్రుతిని పెంచుతుంది. పాక్షిక కేపో ఆరింటిలో కొన్నిటిని మాత్రమే నొక్కి, మిగిలినవాటిని నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) దాకా ఖాళీగా వదిలేస్తుంది. ఇది కొత్త ఆలోచన కాదు. 1970ల నడుమ అమెరికాలో ఒక్కో తీగకు ఒక్కో చిన్న చక్రం అమర్చి, కావలసిన తీగనే నొక్కే వీలున్న ‘థర్డ్ హ్యాండ్’ అనే కేపో వచ్చింది. మూడు తీగలను మాత్రమే నొక్కే కైసర్ ‘షార్ట్ కట్’, ఆరు తీగలకు ఆరు విడివిడి పట్లు ఉండే ‘స్పైడర్ కేపో’ ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. మన ఊళ్ల దుకాణాల్లో స్ప్రింగు ఉన్న మామూలు కేపో తేలికగా దొరుకుతుంది కానీ పాక్షిక కేపో నాకు ఎన్నడూ కనబడలేదు. అందుకే మామూలు కేపోను కోసి, అరగదీసి పాక్షిక కేపోగా మార్చుకునే పద్ధతిని ఇక్కడ వివరంగా చెబుతున్నాను.

ఈ వ్యాసంలో సన్నని తీగను 1వ తీగ అనీ, అన్నిటికన్నా లావైన దాన్ని 6వ తీగ అనీ అంటున్నాను. మెట్ల లెక్క కేపో ఎక్కడ ఉన్నా నట్ నుంచే మొదలవుతుంది. కేపో నొక్కిన తీగను ‘మూసిన తీగ’ అనీ, నొక్కనిదాన్ని ‘ఖాళీ తీగ’ అనీ పిలుస్తాను.

కోసే ముందు తెలుసుకోవలసిన సూత్రం

చాలామంది పాక్షిక కేపోను తీగల శ్రుతి మార్చడంతో సమానమని అనుకుంటారు. వినడానికి రెండూ దగ్గరగానే ఉంటాయి కానీ వేళ్లకు మాత్రం అవి పూర్తిగా వేరు. మరలు తిప్పి తీగ శ్రుతి మార్చినప్పుడు ఆ తీగ మీద ప్రతి మెట్టు స్వరమూ మారిపోతుంది, కాబట్టి నేర్చుకున్న కార్డ్‌లనూ స్వరస్థానాలనూ మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. పాక్షిక కేపో పెట్టినప్పుడు కేపోకు అవతల, అంటే సౌండ్ హోల్ వైపు ఉన్న మెట్ల మీద ఏ స్వరమూ మారదు. 6వ తీగ 5వ మెట్టు మీద ఎ (A) స్వరం కేపో ఉన్నా లేకున్నా ఎ గానే ఉంటుంది. మారేదల్లా వేలు పెట్టకుండా మోగించినప్పుడు తీగ పలికే స్వరం మాత్రమే. ఈ ఒక్క విషయం మనసుకు పట్టిన తరువాత మిగిలిన పనంతా ‘ఏ తీగ ఏ స్వరంతో ఊరికే మోగుతూ ఉండాలి’ అనే ప్రశ్నకు జవాబు వెతకడమే అవుతుంది.

మామూలు శ్రుతిలో 6 నుంచి 1 దాకా తీగలు ఇ, ఎ, డి, జి, బి, ఇ (E, A, D, G, B, E). రెండవ మెట్టు దగ్గర 5, 4, 3 తీగలను మూస్తే ఇ, బి, ఇ, ఎ, బి, ఇ వస్తాయి. ఇ ని షడ్జమంగా తీసుకుంటే ఇవి వరుసగా స, ప, స, మ, ప, స. ఇందులో మధ్యమం శుద్ధ మధ్యమం. ఆరు తీగల్లో మూడు షడ్జమాలు, రెండు పంచమాలు, ఒక మధ్యమం అంటే దాదాపు తంబురానే. గిటార్ వాయించేవారు ‘ఇ సస్ ఫోర్’ అని పిలిచే కార్డ్‌కు మూడు వేళ్లతో పట్టే పట్టు ఇదే. కేపో ఆ మూడు వేళ్ల పని చేస్తూ చేతిని విడుదల చేస్తుంది.

అదే రెండవ మెట్టు దగ్గర 4, 3, 2 తీగలను మూస్తే ఇ, ఎ, ఇ, ఎ, సి షార్ప్, ఇ వస్తాయి. ఇక్కడ ఎ షడ్జమం అవుతుంది కనుక ఇది ప, స, ప, స, గ, ప. గాంధారం అంతర గాంధారం. అందరికీ తెలిసిన ఎ కార్డ్ పట్టును మెడ మీద స్థిరంగా నిలిపినట్లు అవుతుంది.

ఈ రెండు అమరికల మధ్య ఎంపికను రాగమే నిర్ణయిస్తుంది. మొదటి అమరికలో మధ్యమం ఎప్పుడూ మోగడానికి సిద్ధంగా ఉంటుంది, గాంధారం ఉండదు. శుద్ధ సావేరిలో ఉండే స్వరాలు స, రి, మ, ప, ద. మధ్యమం ఉంది, గాంధారం లేదు కాబట్టి ఆ అమరిక దానికోసమే చేసినట్లు ఉంటుంది. మోహనంలో స, రి, గ, ప, ద ఉండి మధ్యమమే లేదు. మోహనాన్ని మొదటి అమరికలో వాయిస్తే ఏమరుపాటున 3వ తీగ మోగగానే రాగం చెడుతుంది. రెండవ అమరికలో గాంధారమే ఖాళీగా మోగుతుంది కనుక మోహనం, హంసధ్వని అక్కడ హాయిగా ఒదుగుతాయి. ‘ఏ కేపో కొనాలి’ అని నా దగ్గరకు వచ్చే పిల్లలను నేను ముందుగా ‘ఏ రాగం వాయిస్తావు’ అని అడిగేది ఇందుకే.

దేన్నీ కోయకుండా చేయదగ్గ మొదటి ప్రయోగం

మీ దగ్గరున్న స్ప్రింగు కేపోను 1వ తీగ వైపు నుంచి, రెండవ మెట్టు దగ్గర పెట్టండి. దాని కొనను కొద్దిగా వెనక్కి లాగి 5వ తీగ దాకానే ఆగేలా చూడండి. 6వ తీగ ఖాళీగా ఉండాలి. ఇప్పుడు తీగలు ఇ, బి, ఇ, ఎ, సి షార్ప్, ఎఫ్ షార్ప్ పలుకుతాయి. కేపోకు అవతల డి కార్డ్ ఆకారాన్ని పట్టండి: 3వ తీగ 4వ మెట్టు, 2వ తీగ 5వ మెట్టు, 1వ తీగ 4వ మెట్టు. ఆరు తీగలనూ ధైర్యంగా మీటవచ్చు. కింద లావు తీగ మీద మంద్ర షడ్జమం, దాని పైన పంచమం, వాటి పైన నిండు ఇ మేజర్ కార్డ్ వినిపిస్తాయి. మామూలు డి కార్డ్‌లో లావు తీగలను తప్పించుకుంటూ మీటే అలవాటు ఉన్నవారికి ఈ నిండుదనం మొదటిసారి వినగానే తెలుస్తుంది. ఖర్చు లేదు, కోత లేదు. కనీసం ఒక వారం ఈ పద్ధతిలోనే వాయించి, ఖాళీ తీగ కింద నిలిచి ఉండడం మీ పాటలకు నప్పుతుందో లేదో తేల్చుకోండి.

మూడు తీగల అమరికను కూడా కోతకు ముందే వినవచ్చు. పక్కన ఉన్నవారిని రెండవ మెట్టు దగ్గర 5, 4, 3 తీగలను మూడు వేళ్లతో గట్టిగా నొక్కి పట్టుకోమని చెప్పి, మీరు అవతల వాయించండి. చేతులకు చోటు ఇరుకుగా ఉంటుంది కానీ చెవికి కావలసిన సమాచారం అంతా అందుతుంది. నా విద్యార్థులకు నేను ఇలాగే వినిపిస్తాను.

కోయడానికి తగిన కేపో

కేపోలు ముఖ్యంగా మూడు రకాలు: స్ప్రింగుతో పట్టేవి, మరతో బిగించేవి, సాగే పట్టీతో మెడ చుట్టూ కట్టేవి. పట్టీ రకం ఈ పనికి పనికిరాదు, ఎందుకంటే పట్టీ మెడ రెండు పక్కల నుంచీ కడ్డీని పట్టుకుంటుంది, దాన్ని పొట్టిగా కోయడం కుదరదు. మర రకం మంచిది, ఒత్తిడిని మన ఇష్టప్రకారం తగ్గించుకోవచ్చు. అయితే దానిలో తీగలను నొక్కే కడ్డీకి సాధారణంగా కొంత వంపు ఉంటుంది. స్ప్రింగు రకం చవక, రబ్బరు తొడుగు సులువుగా ఊడివస్తుంది, పాడైనా బాధ తక్కువ. మొదటిసారి చేసేవారు చవకైన స్ప్రింగు కేపోనే తీసుకోవాలని నా సలహా. రబ్బరు మందం 3 మిల్లీమీటర్లకు తగ్గకుండా ఉన్నదాన్ని ఎంచుకోండి. దీనికి కారణం ముందు ముందు తెలుస్తుంది.

మెడ పైభాగం గురించి కూడా ఒక మాట చెప్పాలి. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ మెడ పైభాగం చదునుగా, నట్ దగ్గర సుమారు 52 మిల్లీమీటర్ల వెడల్పుతో ఉంటుంది. ఉక్కు తీగల అకౌస్టిక్ గిటార్ మెడ నట్ దగ్గర సుమారు 43 మిల్లీమీటర్లే ఉండి, పైభాగం కొద్దిగా ఉబ్బి ఉంటుంది. ఒక దానికి కొలిచి కోసిన కేపో రెండవదానికి సరిపోదు. నేను ఇక్కడ ఇచ్చే కొలతలు ఉక్కు తీగల గిటార్‌కు సంబంధించినవి.

గుర్తు పెట్టడం

ఈ పనిలో అన్నిటికన్నా ఎక్కువ ఓపిక చూపవలసిన దశ ఇదే. నేను మొదట కోసిన కేపోను కేవలం కంటి అంచనాతో కోశాను. 3వ తీగ రబ్బరు అంచు మీద పడి, గట్టిగా మీటినప్పుడల్లా పక్కకు జారి గరగరలాడింది. ఆ కేపోను పారేయవలసి వచ్చింది. అప్పటి నుంచి సుద్దముక్క లేకుండా బ్లేడు పట్టలేదు.

సుద్దముక్కను తీగల మీద రెండవ మెట్టు దగ్గర బాగా రుద్దండి. 5, 4, 3 తీగల అమరిక కావాలంటే కేపోను 6వ తీగ వైపు నుంచి, మెట్టుకు వీలైనంత దగ్గరగా, నట్ వైపున పెట్టి ఒకసారి గట్టిగా పట్టనిచ్చి తీసేయండి. రబ్బరు మీద ఆరు తెల్లని గీతలు పడతాయి. కేపో ఏ వైపు నుంచి వస్తుందో ఆ వైపు కీలు ఉంటుంది కాబట్టి, కీలుకు దగ్గరగా ఉన్న గీత 6వ తీగది. పెన్నుతో ఆ గీతల పక్కన అంకెలు వేసుకోండి. తరువాత మూయవలసిన తీగకూ వదలవలసిన తీగకూ నడుమ, మూయవలసిన తీగ నుంచి సుమారు 3 మిల్లీమీటర్ల దూరంలో కోత గీత గీయండి. రెండవ మెట్టు దగ్గర తీగల మధ్య దూరం దాదాపు 7 నుంచి 7.5 మిల్లీమీటర్లు ఉంటుంది కనుక ఖాళీ తీగకు ఇంకా 4 మిల్లీమీటర్ల ఎడం మిగులుతుంది. తీగ కంపించడానికి ఆ చోటు చాలు.

రబ్బరు కోత

రబ్బరు తొడుగును కడ్డీ నుంచి ఊడదీసి కడప బండ మీద పెట్టుకోండి. మన ఇళ్లలో గట్టు మీదో అరుగు మీదో ఆ నల్లబండ ఉండనే ఉంటుంది. నునుపు చేసిన బండ చదునుగా, కదలకుండా ఉంటుంది కాబట్టి ఇలాంటి పనికి అంతకన్నా మంచి పీట లేదు. బండ మీద గీతలు పడకుండా కింద ఒక దళసరి అట్ట వేయండి. కొత్త బ్లేడును సబ్బునీళ్లలో ముంచి, రబ్బరు మీద నిలువుగా పెట్టి ఒకే ఒత్తుతో కిందకు దింపండి. ముందుకూ వెనక్కూ రంపంలా లాగితే అంచు చీలికలు చీలికలవుతుంది. 6వ తీగ మీద ఉండే ముక్కను, 2, 1 తీగల మీద ఉండే ముక్కను తీసేస్తే నడుమ సుమారు 21 మిల్లీమీటర్ల రబ్బరు మిగులుతుంది. దాన్ని కడ్డీకి తిరిగి అంటించి ఒక రాత్రంతా ఆరనివ్వండి. సైకిల్ పంక్చర్లు వేసేవారు వాడే రబ్బరు సొల్యూషన్ ఇక్కడ చక్కగా పనిచేస్తుంది. కడ్డీనీ రబ్బరునూ ముందుగా ఉప్పుకాగితంతో గరుకు చేసి, రెండిటికీ పలుచగా పూసి, తడి ఆరి జిగట మిగిలిన తరువాతే నొక్కాలి.

రబ్బరు మందం 3 మిల్లీమీటర్లకు తగ్గకూడదని పైన చెప్పడానికి కారణం ఇది. కేపో మూసిన తీగలను మెట్టు మీదికి దింపుతుంది కానీ ఖాళీ తీగలు వాటి మామూలు ఎత్తులోనే ఉంటాయి, అంటే మూసినవాటి కన్నా పైన ఉంటాయి. పైగా 6వ తీగ అన్నిటికన్నా లావు. రబ్బరు పలుచనైతే ఖాళీ తీగ కడ్డీ లోహానికి తగులుతుంది. కేపో పెట్టి, ఖాళీ తీగకూ లోహానికీ మధ్య పెళ్లిపత్రిక అట్టను రెండు మడతలు పెట్టి దూర్చి చూడండి. తీగను కదిలించకుండా అట్ట దూరితే సరిపోయినట్లే. తరువాత తీగను మామూలు కన్నా గట్టిగా మీటి వినండి. చిటపట శబ్దం వస్తే కడ్డీ అడుగును అక్కడ ఆకురాయితో కొద్దికొద్దిగా అరగదీయాలి.

ఇక మూసిన మూడింటిలో సన్నదైన 3వ తీగ గరగర. సాధారణంగా 12-53 సైజు (1వ, 6వ తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) తీగల సెట్‌లో 5వ తీగ మందం 1.07 మిల్లీమీటర్లు, 4వది 0.81, 3వది 0.61. మూడూ ఒకే మెట్టు మీద ఆనుకుని ఉన్నా వాటి పైభాగాల ఎత్తులో దాదాపు అర మిల్లీమీటరు తేడా ఉంటుంది. ఆరు తీగలూ ఉన్నప్పుడు వెడల్పాటి మెత్తని రబ్బరు ఈ తేడాను కప్పిపుచ్చుతుంది. చిన్న ముక్క అయ్యేసరికి లావైన 5వ తీగ ఒత్తిడినంతా తానే మోసి, 3వ తీగ వదులుగా మిగిలిపోతుంది. చాలామంది దీనికి స్ప్రింగును నిందిస్తారు. నిజానికి రబ్బరుకూ కడ్డీకీ మధ్య, సరిగ్గా 3వ తీగ పైభాగాన, ఇన్సులేషన్ టేపును రెండు మూడు పొరలుగా అంటిస్తే గరగర ఆగిపోతుంది. మూడు తీగల వెడల్పులో మెడ ఉబ్బు మిల్లీమీటరులో పదో వంతుకు మించదు కనుక రబ్బరును వంపుగా చెక్కవలసిన పని లేదు.

లోహాన్ని కోయాలా?

వెంటనే వద్దు. రబ్బరు మాత్రమే కోసిన కేపోతో రెండు వారాలు వాయించండి. తేడా ఎక్కడ తెలుస్తుందంటే, 2, 1 తీగల మీద రెండవ మెట్టు నొక్కవలసి వచ్చినప్పుడు. ఆ తీగలు ఖాళీగానే ఉన్నా వాటి పైన కడ్డీ అడ్డంగా ఉంటుంది, వేలు దూరదు. శుద్ధ సావేరిలో 2వ తీగ రెండవ మెట్టు ధైవతం, 1వ తీగ రెండవ మెట్టు రిషభం. రెండూ కావలసిన స్వరాలే. ధైవతాన్ని 3వ తీగ 6వ మెట్టు మీద, రిషభాన్ని 2వ తీగ 7వ మెట్టు మీద వెతుక్కోవచ్చు కానీ చేయి ఎక్కువ దూరం కదలాలి. ఈ అడ్డు మీకు ఇబ్బందిగా అనిపించినప్పుడే రంపం పట్టండి.

చవక కేపోలు ఎక్కువగా జింకు లేదా అల్యూమినియం మిశ్రమాన్ని పోత పోసి చేసినవి. ఉక్కు కన్నా మెత్తనివి కాబట్టి సన్న పళ్ల హాక్సా బ్లేడుకు తేలికగా తెగుతాయి. రబ్బరు ఊడదీసి, కడ్డీని గుడ్డలో చుట్టి వైస్‌లో బిగించండి. స్ప్రింగు ఉన్న కీలు వైపును వైస్‌లో నొక్కవద్దు. పోత లోహం వంగదు, విరుగుతుంది. గుర్తుకు 2 మిల్లీమీటర్లు అవతల కోసి, ఆ మిగులును ఆకురాయితో గుర్తు దాకా తేవడం సురక్షితం. కంటికి అద్దాలు తప్పనిసరి. తరువాత 120 నంబరు, ఆపై 400 నంబరు ఉప్పుకాగితాన్ని కడప బండ మీద పరిచి, కోసిన అంచును దాని మీద వృత్తాకారంగా రుద్దుతూ అన్ని మూలలనూ గుండ్రం చేయండి. వేలికి గీసుకునే అంచు తీగ పూతనూ మెడ వార్నిష్‌నూ కూడా గీస్తుంది. ఇంట్లో వైస్ లేకపోతే గుర్తు పెట్టిన కేపోను వెల్డింగు షాపుకో లేతు పనివారి దగ్గరకో తీసుకెళ్లండి. కోత ఐదు నిమిషాల పని. గుర్తు మాత్రం మీరే పెట్టాలి.

ఇలా తయారైన పొట్టి కేపోను తిప్పి 1వ తీగ వైపు నుంచి పెడితే 1వ తీగను వదిలి 2, 3, 4 తీగలను మూస్తుంది. అంటే ఒకే కోతతో పైన చెప్పిన రెండు అమరికలూ దొరుకుతాయి. అయితే తిప్పినప్పుడు లావు సన్నాల క్రమం కూడా తిరగబడుతుంది కాబట్టి టేపు పొర తప్పు తీగ పైకి వస్తుంది. రెండు అమరికలూ తరచుగా వాడేవారు టేపుకు బదులు మరింత మెత్తని రబ్బరు వాడుకోవడమో, రెండు కేపోలు చేసుకోవడమో మేలు.

శ్రుతి చేయడం

కేపో లేకుండా ఆరు తీగలనూ ట్యూనర్‌తో శ్రుతి చేయండి. కేపోను మెట్టుకు ఆనించి పెట్టండి. మెట్టుకు దూరంగా జరిగిన కొద్దీ తీగ ఎక్కువగా సాగి స్వరం పైకి పోతుంది. మామూలు కేపోలో ఆరు తీగలూ దాదాపు ఒకే విధంగా కొద్దిగా పెరుగుతాయి కనుక చెవి సర్దుకుంటుంది. పాక్షిక కేపోలో ఖాళీ తీగలు ఉన్నచోటే ఉండి మూసినవి మాత్రమే పెరుగుతాయి. స్ప్రింగు బలం ఆరింటికి బదులు మూడింటి మీదే పడడం దీనికి తోడవుతుంది. ఫలితంగా 6వ తీగ షడ్జమానికీ 4వ తీగ షడ్జమానికీ మధ్య అల తేలినట్లు ఒక కంపనం వినిపిస్తుంది. శ్రుతి కోసమే కేపో పెట్టి ఈ కంపనాన్ని వదిలేయడం సరికాదు. కేపో పెట్టిన తరువాత మూసిన మూడు తీగలనూ మళ్లీ ట్యూనర్‌తో చూసి కొద్దిగా దించండి. కేపో తీసిన వెంటనే అవే తీగలను తిరిగి పైకి తెచ్చుకోవాలి. ఆరాధన నడుమ కేపో తీసి పెట్టే పాటలు ఉంటే వాటి క్రమాన్ని ముందే కుదుర్చుకుని, కేపో పాటలన్నీ ఒక చోట చేర్చండి.

వేళ్లకు పని

5, 4, 3 తీగల అమరికలో శుద్ధ సావేరి ఆరోహణ ఇలా సాగుతుంది. మూసిన 4వ తీగ షడ్జమం, అదే తీగ 4వ మెట్టు రిషభం, మూసిన 3వ తీగ మధ్యమం, ఖాళీ 2వ తీగ పంచమం, దాని రెండవ మెట్టు ధైవతం, ఖాళీ 1వ తీగ తార షడ్జమం. ఆరు స్వరాల్లో వేలు పెట్టవలసినవి రెండే. మిగిలినవి వాటంతటవే మోగుతూ ఒకదానిలోకి ఒకటి కలిసిపోతాయి. బొటనవేలితో 6, 5 తీగల మీద స, ప లను నిదానంగా మీటుతూ ఈ వరుసను ఎక్కి దిగడం మొదటి అభ్యాసంగా పెట్టుకోండి. గమకం కావలసినచోట ఖాళీ తీగను వదిలి, అదే స్వరాన్ని పక్క తీగ మీద వేలితో పట్టాలి. ఉదాహరణకు మధ్యమాన్ని మూసిన 3వ తీగ మీద కాక 4వ తీగ 7వ మెట్టు మీద తీసుకుంటే దాన్ని ఊపడానికి వీలవుతుంది. కేపో ఇచ్చే స్వరం కదలని స్వరం. రాగం అంతటినీ దాని మీదే నడిపితే పాట ప్రాణం పోతుంది.

పాడేవారికి తోడుగా కార్డ్‌లు కావాలంటే ఇదే అమరికలో నాలుగు పట్లు చాలాదూరం తీసుకెళ్తాయి. 3వ తీగ 4వ మెట్టును ఒకే వేలితో నొక్కి ఆరు తీగలనూ మీటితే స, ప లు మాత్రమే ఉన్న నిండు ధ్వని వస్తుంది. గాంధారం లేదు కనుక అది పంచమం ఉన్న ఏ రాగానికీ అడ్డు రాదు, నాకు అన్నిటికన్నా ఇష్టమైన పట్టు ఇదే. 4, 3 తీగల 4వ మెట్టును నొక్కి 5వ తీగ నుంచి మీటితే బి సస్ ఫోర్. 6వ తీగ 5వ మెట్టు, 2వ తీగ రెండవ మెట్టు నొక్కి మిగిలినవి వదిలేస్తే నవమ స్వరం కలిసిన ఎ కార్డ్. 5వ తీగ 4వ మెట్టు, 4వ తీగ 6వ మెట్టు, 3వ తీగ 4వ మెట్టు పట్టి 5వ తీగ నుంచి మీటితే సి షార్ప్ మైనర్ సెవెన్. అన్నిటిలోనూ 1వ తీగ మీద షడ్జమం తెగకుండా మోగుతూనే ఉంటుంది.

4, 3, 2 తీగల అమరికలో మోహనానికి ఖాళీ 5వ తీగ షడ్జమం, దాని రెండవ మెట్టు రిషభం, మూసిన 4వ తీగ పంచమం, దాని 4వ మెట్టు ధైవతం, మూసిన 3వ తీగ తార షడ్జమం. గాంధారానికి 5వ తీగ 4వ మెట్టు నొక్కాలి. పై స్థాయిలో మూసిన 2వ తీగ గాంధారాన్ని వేలు పెట్టకుండానే ఇస్తుంది. ఇక్కడ కడ్డీ 1వ తీగ మీదుగా వస్తుంది కాబట్టి ఆ తీగ రెండవ మెట్టు ధైవతం అందదు. దాన్ని 2వ తీగ 7వ మెట్టు మీద తీసుకోవాలి.

పాడేవారి శ్రుతికి జరపడం

మొదటి అమరికలో షడ్జమం ఇ, అంటే హార్మోనియం లెక్కలో మూడు శ్రుతి (సి నుంచి మూడో తెల్ల కీ). అందరి గొంతుకూ అది సరిపడదు. పైకి జరపాలంటే ముందు మామూలు కేపోను పెట్టి, దానికి సరిగ్గా రెండు మెట్లు అవతల పాక్షిక కేపోను పెట్టండి. మామూలు కేపో 1వ మెట్టు మీద, పాక్షిక కేపో 3వ మెట్టు మీద ఉంటే నాలుగు శ్రుతి వస్తుంది. 3, 5 మెట్ల మీద ఉంటే ఐదు శ్రుతి. కిందికి రావాలంటే ఆరు తీగలనూ ఒక పూర్తి స్వరం దించి, పాక్షిక కేపోను రెండవ మెట్టు మీదే ఉంచితే రెండు శ్రుతి అవుతుంది. తీగలు వదులవుతాయి కనుక గరగర ఎక్కువవుతుంది, అలాంటప్పుడు కొంచెం లావు తీగల సెట్ వాడడం మంచిది. పైమెట్ల మీదికి జరిగే కొద్దీ మెట్ల మధ్య దూరం తగ్గి, తీగల మధ్య దూరం కొద్దిగా పెరుగుతుంది. రెండవ మెట్టుకు కోసిన రబ్బరు 5వ మెట్టు దాకా పనిచేస్తుంది. 7వ మెట్టు దగ్గర తీగలు అంచుల మీదికి వస్తాయి. అక్కడ వాడాలనుకునేవారు కోసేటప్పుడే ప్రతి వైపూ ఒక మిల్లీమీటరు ఎక్కువ ఉంచుకోవాలి.

మన ఎండల్లో జాగ్రత్త

కడప, అనంతపురం, కర్నూలు ఎండల్లో మూసిన బండి డిక్కీ లోపలి వేడి రబ్బరు సొల్యూషన్‌ను మెత్తబరుస్తుంది. మే నెలలో ఒక మధ్యాహ్నం డిక్కీలో ఉంచిన కేపోను సాయంత్రం తీసి చూస్తే రబ్బరు పక్కకు జారి ఉంది, ఆ రోజు ఆరాధనలో దాన్ని వాడలేకపోయాను. కేపోను గిటార్ సంచిలో, గిటార్‌తో పాటు నీడలోనే ఉంచండి. వాయించడం అయిపోగానే మెడ మీద నుంచి తీసేయండి. స్ప్రింగు ఒత్తిడి రాత్రంతా మూడు తీగల మీదే ఉంటే రబ్బరులో లోతుగా గాడులు పడతాయి. పాతకాలపు నైట్రోసెల్యులోజ్ వార్నిష్ ఉన్న గిటార్లకైతే కొన్ని రకాల రబ్బరు తగిలినచోట మచ్చ కూడా పడుతుంది. నెలకొకసారి రబ్బరును వేలితో తడిమి చూసి, గాడులు లోతుగా తగిలితే 400 నంబరు ఉప్పుకాగితం మీద నాలుగైదుసార్లు రుద్ది చదును చేయండి. అలా రుద్దిన ప్రతిసారీ మందం తగ్గుతుంది కనుక పెళ్లిపత్రిక అట్టతో ఖాళీ తీగల ఎడాన్ని మళ్లీ చూసుకుని, అట్ట దూరనప్పుడు కొత్త రబ్బరు కోసుకోవాలి.